గడప దగ్గరి చోటు

1944 ఆగస్టు 6, ఆదివారం

కాగితం దొరకడం లేదు. యుద్ధం కాగితాన్ని కూడా తినేస్తోంది. బడిలో పాత హాజరుపట్టీ ఒకటి సగం ఖాళీగా ఉంటే ఇంటికి తెచ్చుకున్నాను. ఉపదేశి అన్నవాడు రోజూ తన మనస్సును పరీక్షించుకుని రాసుకోవాలని నరసరావుపేట ట్రైనింగులో చెప్పారు. పదేళ్ల తర్వాత ఇప్పటికి మొదలుపెడుతున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గురజాల నుంచి పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు వచ్చారు. మూడు నెలలకొకసారి ఆయన వచ్చినప్పుడే మాకు ప్రభువు బల్ల. గోధుమపిండి దొరక్క నా భార్య కరుణమ్మ జొన్నపిండితోనే రొట్టె చేసింది. అయ్యగారు దాన్నే విరిచి పంచారు.

ఈ రోజు దేవమ్మను బల్లకు దూరం పెట్టాం. పెట్టాం అంటే, అయ్యగారికి చెప్పింది నేను. మనవరాలు మేరీకి పోయిన నెలలో చలిజ్వరం వస్తే దేవమ్మ జమాల్ దగ్గరికి పోయి దారం తెచ్చి పిల్ల చేతికి కట్టింది. జమాల్ ఊళ్లో గిన్నెలకు కళాయి వేస్తాడు, ఊరి చివరి దర్గా చూసుకునేదీ అతనే. నేను దారం చూసిన వెంటనే బడిలో పెన్సిళ్లు చెక్కే చాకుతో కోసేశాను. పిల్ల ఏడ్చింది. అయిదేళ్ల పిల్ల, దానికేం తెలుసు.

దేవమ్మ అడ్డం రాలేదు. "ప్రార్థన గూడా చేశాను పంతులుగారా, రెండూ చేశాను" అన్నది. రెండూ చేయడమే తప్పని ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. ఈ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్న ఇల్లు వాళ్లది. మందిరానికి నాపరాళ్లు నెత్తిన మోసిన మనిషి. అయినా అంతకు ముందు దర్గాకు మొక్కుకుని కన్న కొడుక్కి మస్తాన్‌రావు అని పెట్టుకున్న పేరు ఇవాళ్టికీ మార్చలేదు. వేరు అక్కడే ఉంది.

ఇక్కడ పద్ధతి ఒకటే. బల్లకు దూరమైనవాళ్లు తలుపు లోపల గడప దగ్గర కూర్చోవాలి. రొట్టె పంచే వేళకు లేచి బయటికి పోవాలి. పశ్చాత్తాపపడ్డారని ఉపదేశి చెప్పాక, సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటారు. దేవమ్మ మేరీ చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లింది. నా విధి నేను చేశాను. మనస్సు తేలికగా ఉంది.

ఆగస్టు 13, ఆదివారం

దేవమ్మ కొడుకు మస్తాన్‌రావు పట్టాళం నుంచి సెలవు మీద వచ్చాడు. ఖాకీ బట్టల్లోనే మందిరానికి వచ్చి, ముందు వరసలో కూర్చోబోయి, తల్లి గడప దగ్గర ఉండటం చూసి వెనక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రసంగం అంతా వాడి బూట్లే కనిపిస్తూ ఉన్నాయి.

అయిపోయాక నన్ను ఆపాడు.

"ఏంది పంతులుగారూ, మా అమ్మను గడపకాడ కూచోబెట్టారంట?"

"నేను కాదయ్యా, సంఘం."

"సంఘం అంటే ఎవరండీ? ఈ గుడికి రాళ్లు మోసినోళ్లల్లో ఇంకా బతికుంది ఆమె ఒక్కతే గదా."

దేవమ్మే వాడిని చెయ్యి పట్టి లాగింది. "ఒరేయ్, ఊరుకో. తప్పు నాదిరా. పంతులుగారి మీద పడతావేంది?" అన్నది. వాడు ఊరుకున్నాడు. బుధవారం వెళ్లిపోతాడట, బర్మా వైపు.

ఆగస్టు 18

మా అమ్మాయి సుశీలకు సాయంత్రం వణుకు. ఎండలో ఆడి ఉంటుంది.

ఆగస్టు 20, ఆదివారం

మళ్లీ అదే వేళకు వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. చలిజ్వరమే. ఏడేళ్ల పిల్ల మంచంలో చాటంత కూడా లేదు.

ఆగస్టు 23

గురజాల ఆసుపత్రికి నడిచి వెళ్లాను. చలిజ్వరానికి ఇచ్చే కొయినా లేదు. "జపానువాడు జావా పట్టుకున్నప్పటి నుంచి లేదండీ, ఉన్న కాస్తా పట్టాళానికే" అన్నాడు కాంపౌండరు. చిరాయతా కషాయం ఇచ్చాడు. పిల్ల తాగి వాంతి చేసుకుంది.

పోయిన వారం ఇదే జ్వరంతో మాలపల్లెలో ఇద్దరు పోయారు. ఇద్దరూ పిల్లలే.

ఆగస్టు 24

వచ్చింది. ప్రార్థన చేశాను. ఒళ్లు కాలిపోతూ ఉంది. నన్ను గుర్తు పట్టలేదు.

ఆగస్టు 26

ఇత్తడి గిన్నె కళాయి పోయిందని జమాల్ దగ్గరికి తీసుకెళ్లాను. వేయించుకుని వచ్చాను. వేరే విశేషం లేదు.

ఆగస్టు 27, ఆదివారం

విశ్వాసం గురించి ప్రసంగించాను. బాగా వచ్చిందని పాపమ్మ అన్నది. పాపమ్మ మందిరం ఊడ్చే ముసలామె, ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. కరుణమ్మ పిల్ల దగ్గర ఇంట్లోనే ఉండిపోయింది. దేవమ్మ కూడా మందిరానికి రాలేదు. అలిగింది కాబోలు. అలిగినవాళ్లకు పశ్చాత్తాపం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆగస్టు 30

జ్వరం రాలేదు. సోమవారం కాస్త వెచ్చబడిందంతే. ఈ రోజు ఆ వేళ దాటేదాకా మంచం పక్కనే కూర్చున్నాను. రాలేదు. సుశీల జావ అడిగి తాగింది. దేవునికి స్తోత్రం.

స్తోత్రం దేవునికే. అందులో సందేహం లేదు.

సెప్టెంబరు 4

సుశీల అరచేతులు పచ్చగా ఉన్నాయి. వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. మొహం కూడా పచ్చగానే ఉంది. కామెర్లా? కరుణమ్మను అడిగితే "అదేం లేదులెండి, అదే పోతది" అని లోపలికి వెళ్లిపోయింది. తల్లికి ఇంత ధీమా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఇది ఎందుకు వచ్చిందో నాకు తెలుసు.

సెప్టెంబరు 5

ఆగస్టు 26న రాసింది అబద్ధం. గిన్నె తీసుకెళ్లిన మాట నిజమే. దాని కళాయి పోలేదు. ఎవరైనా చూస్తే చెప్పడానికి ఒక గిన్నె కావలసి వచ్చింది.

జమాల్ కొలిమి దగ్గర ఎవరూ లేరు. నేను గిన్నె అటూ ఇటూ తిప్పుతూ నిలబడితే అతనే చూసి నవ్వకుండా అడిగాడు. "పాపకు ఎట్లా ఉంది పంతులుగారూ?"

నాకు ఏడుపు వచ్చింది. అతను లేచి లోపలికి వెళ్లి రేకు గొట్టంలో పెట్టిన తాయెత్తు తెచ్చాడు. "నేను దువా చేస్తాను. ఇచ్చేది అల్లా, నాది కాదు. నేనెవరికీ చెప్పనులెండి. మీ గిన్నెకు ఏం కాలేదు గానీ, తెచ్చారు గాబట్టి కళాయి వేస్తా" అన్నాడు. వేసి ఇచ్చాడు. ఇంత మెరిసే గిన్నె మా ఇంట్లో ఎప్పుడూ లేదు. దానిలో అన్నం తింటున్నాం.

కరుణమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు పిల్ల మొలతాడుకు కట్టాను. స్నానం చేయించేది తనే, చూడకుండా ఉంటుందా? చూసింది. నాతో ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. మర్నాడు వెళ్లి విశ్వాసం గురించి గంటసేపు ప్రసంగించాను.

పెన్సిళ్లు చెక్కే ఆ చాకు బడిలో బల్ల మీదే ఉంది. ఈ రోజు దాన్ని సొరుగులో పెట్టాను.

సెప్టెంబరు 6

తాయెత్తు విప్పేసి దొడ్లో పూడ్చాను. మధ్యాహ్నం సుశీల తలనొప్పి అన్నది. తవ్వి తీసి, కడిగి, మళ్లీ కట్టాను.

సెప్టెంబరు 17, ఆదివారం

పచ్చదనం తగ్గుతోంది. జ్వరం లేదు. ఇది ఎవరి దయ అని నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. అయ్యగారికి ఉత్తరం రాయాలని ఉంది. రాస్తే ఉపదేశి పని పోతుంది, బడీ పోవచ్చు. బడి ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి?

సెప్టెంబరు 24, ఆదివారం

సంఘానికి నా వల్ల కలత రాకూడదు. నా కోసం కాదు, సంఘం కోసమే ఊరుకుంటున్నాను.

అక్టోబరు 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక దేవమ్మ ఆగింది. మేరీ ఆమె కొంగు పట్టుకుని ఉంది. దేవమ్మ కోడలు పురిట్లోనే పోయింది కనుక ఈ పిల్లకు అవ్వే తల్లి.

"పంతులుగారా, వచ్చే నెల అయ్యగారు వస్తారు గదా. నన్ను బల్లకు చేర్చమని చెప్తారా?"

"నీ తప్పు నీకు తెలిసిందా?"

"తెలిసిందయ్యా. సంఘం ముందర నిలబడి చెప్తా. పిల్ల దక్కదేమోనని బయపడ్డాను, బయంలో దేవుడు చాలడనుకున్నాను. అంతే గదా నేను జేసింది?"

ఆమె నా మొహంలోకే చూస్తూ ఉంది. నేను చూరు వైపు చూశాను.

"చూద్దాం" అన్నాను.

ఇంతకంటే మంచి ఒప్పుకోలు నేను ట్రైనింగులో కూడా వినలేదు. ఆ మాటలు ఆమె సంఘం ముందు చెబుతుంటే పక్కన నిలబడవలసింది నేను. అవి నా మాటలు. ఆమె నోట వింటూ ఎలా నిలబడతాను?

అక్టోబరు 9

చూద్దాం అనడంలో తప్పేముంది? పశ్చాత్తాపానికి గడువు ఉండాలి. అయ్యగారు కూడా అదే అంటారు.

అక్టోబరు 21

దేవమ్మకు చలిజ్వరం. కరుణమ్మ రోజూ జావ కాచి తీసుకెళ్తోంది. "అత్తా, అత్తా" అంటుంది ఆమెను. నేను మొదటి నుంచీ దేవమ్మా అనే పిలుస్తాను, ఉపదేశి అన్నాక వరసలు కలపకూడదని.

అక్టోబరు 29, ఆదివారం

కరుణమ్మ ఈ రోజు అడిగింది. "అత్తను ఈసారి బల్లకు చేరుస్తారా?"

"చూస్తాను."

"చూసేదేముందండీ?" అని గట్టిగానే అన్నది. ఎప్పుడూ అలా అనదు. తర్వాత ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తాయెత్తు మాట ఎత్తుతుందేమోనని నేను బయటికి వచ్చేశాను.

నవంబరు 5, ఆదివారం

రాయక తప్పదు.

అయ్యగారు వచ్చారు. దేవమ్మను పాపమ్మ భుజం పట్టి తీసుకొచ్చింది. ఇంత ఎండలో దుప్పటి కప్పుకుని గడప దగ్గర కూర్చుంది, మేరీ పక్కన. అయ్యగారు బల్ల దగ్గరికి పోయే ముందు నన్ను పిలిచి అడిగారు. "దేవమ్మ సంగతి ఏమిటి నెహెమ్యా? మనిషి చాలా నీరసంగా ఉంది. పశ్చాత్తాపపడిందా?"

అవును అనే ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. దాని వెనకే ఆమె లేచి నిలబడి పిల్ల దక్కదేమోనని భయపడ్డానని అంటుందే, అది గుర్తొచ్చింది. ముందు వరసలో సుశీల కూర్చుని ఉంది, మొలలో తాయెత్తుతో.

"ఇంకొన్నాళ్లు చూద్దామండీ" అన్నాను.

మందిరం చిన్నది. ఆమెకు వినపడింది. రొట్టె పంచే వేళకు మేరీ లేచి అవ్వ చెయ్యి పట్టుకుని లాగింది. దేవమ్మ నిలబడలేక గడప మీదుగా పాక్కుంటూ బయటికి వెళ్లింది. ఎవరూ వెళ్లమని చెప్పలేదు. నేను రొట్టె తీసుకున్నాను. నమిలాను. మింగుడుపడలేదు, నీళ్లు తాగి మింగాను.

నవంబరు 8

అయ్యగారికి ఉత్తరం రాశాను, దేవమ్మ కోసం వెంటనే రమ్మని. నా సంగతి కూడా రాశాను. పోస్టు డబ్బా దాకా వెళ్లి తిరిగి వచ్చాను. ఉత్తరం ఈ పట్టీలోనే ఉంది.

నవంబరు 10

వెళ్లాను దేవమ్మ ఇంటికి. నన్ను చూసి లేవబోయింది. "రొట్టె తెచ్చారా పంతులుగారా?" అని అడిగింది. జ్వరం మీద ఉంది. అయ్యగారు వస్తే గానీ ఇవ్వకూడదని చెప్పాను. తల ఊపింది. "సుశీలమ్మ బాగుందా?" అన్నది.

బాగుందని చెప్పాను.

నవంబరు 11

పొద్దున దేవమ్మ పోయింది.

బల్లకు దూరమైన మనిషి గనుక గంట కొట్టకూడదు. సమాధుల దొడ్డి లోపల కాదు, గోడకు ఇవతల తవ్వారు. జమాల్ వచ్చి దూరంగా టోపీ పెట్టుకుని నిలబడ్డాడు, మట్టి వేసేటప్పుడు మాత్రం దగ్గరికి వచ్చి వేశాడు. నేను ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో ఒక్క మాట గుర్తులేదు. సంఘ జాబితాలో ఆమె పేరు మీద ఆగస్టులో నేను ఎర్ర సిరాతో కొట్టిన గీత అలాగే ఉంది.

మేరీని కరుణమ్మ మా ఇంటికి తెచ్చింది. నన్ను అడగలేదు.

నవంబరు 13

ఈ రోజు కరుణమ్మ చెప్పింది. సుశీల, మేరీ ఒకే పళ్లెంలో తింటున్నారు. నేను ఏమీ అడగలేదు. తనే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సుశీలకు జొరం ఎట్లా తగ్గిందో మీకు తెలవదు" అన్నది.

తాయెత్తు గురించి అనుకున్నాను. "తెలుసు" అన్నాను.

"తెలవదు. మీరు ప్రసంగానికి పోయిన ఆదివారం దేవమ్మత్త వచ్చింది. మస్తాన్‌రావు పట్టాళంలో ఇచ్చే పచ్చ మాత్రలు దాచుకొని తెచ్చి ఆమెకిచ్చి పోయాడంట, నీకూ మేరీకీ ఉంచుకోమని. అన్నీ తెచ్చి నా చేతిలో పోసింది. మేరీకి తగ్గింది, నాకేం జొరం, పిల్లకెయ్యమ్మా అన్నది. ఒళ్లు పచ్చబడతది, బయపడొద్దని గూడా చెప్పింది."

నేను సుశీల అరచేతుల వైపు చూశాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నేనిచ్చానంటే పంతులుగారు పెట్టనియ్యడు, ఆయనకు నేనంటే కోపం అన్నది. మీరు నిజంగా పెట్టనియ్యరేమోనని నేనూ బయపడ్డాను."

కొంగుతో మొహం తుడుచుకుని, మిగిలింది కూడా చెప్పింది.

"మొదటి మాత్ర ఆమే మింగించింది. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంటే పరికిణీ జారి మొలకాడ తాయెత్తు కనపడ్డది. కాసేపు దాన్నే చూసింది. ఇది చూసినట్టు ఎవరికీ చెప్పబాకు, పాపం ఆయన మనసు ఎంత నలిగిందో అని పరికిణీ పైకి లాగింది."

ఆగస్టు 27. ఆమెకు అప్పటి నుంచీ తెలుసు. అక్టోబరులో నా ఎదుట నిలబడి "అంతే గదా నేను జేసింది" అన్నప్పుడు తెలుసు. "చూద్దాం" అని నేను చూరు వైపు చూసినప్పుడు తెలుసు. అయ్యగారు వచ్చిన రోజు గడప మీదుగా పాకుతూ వెళ్లేటప్పుడు తెలుసు. ఒక్క మాట అంటే నేను అక్కడే కూలిపోయేవాడిని. అనలేదు. సుశీల బాగుందా అని అడిగింది. తను మింగవలసిన మాత్రలు మింగిన పిల్ల బాగుందో లేదో అడిగింది. నేను బాగుందని చెప్పి వచ్చేశాను.

నవంబరు 14

బడికి వెళ్లాను. పిల్లల పేర్లు పిలవలేకపోయాను.

నవంబరు 20

గురజాల వెళ్లి అయ్యగారికి అంతా చెప్పాను. తాయెత్తు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నాకు చెప్పావు, ప్రభువుకు చెప్పావు. ఇంక చాలు నెహెమ్యా. సంఘానికి తెలియడం దేనికి? ఉపదేశే ఇలా చేశాడంటే వాళ్లు చెదిరిపోతారు. ఊరి పెద్దలు నవ్వుతారు" అన్నారు.

మంచి మనిషి. నా మేలు కోరే అన్నారు. నేను సెప్టెంబరులో నాకు చెప్పుకున్న మాటే అది. అప్పుడు ఎంత తియ్యగా ఉందో, ఈ రోజూ అంత తియ్యగానే ఉంది. సరేనండీ అనాలని నా ప్రాణం కొట్టుకుంది. అదే నాకు ఎక్కువ సిగ్గు అనిపించింది. ఆమెను పూడ్చి పది రోజులు కాలేదు.

"దేవమ్మను సంఘం ముందే బయటికి పంపామండీ. నన్ను చాటుగా క్షమిస్తే ఎలా?" అన్నాను.

"ఉపదేశి పని ఉండదు. బడి సంగతి మేనేజరుగారికి రాయాలి. ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు."

"అలాగేనండీ."

ఫిబ్రవరిలో ఆయన వచ్చినప్పుడు సంఘం ముందు నిలబడాలి. ధైర్యంగా చెప్పానని రాసుకోను.

డిసెంబరు 25

క్రిస్మస్. గంట కొట్టింది పాపమ్మ. మస్తాన్‌రావు నుంచి ఉత్తరం, నవంబరు మొదట్లో రాసింది. అమ్మకు మాత్రలు ఉన్నాయా, ఇంకా పంపనా అని అడిగాడు. నేనే జవాబు రాశాను. నాలుగు సార్లు రాసి చించాను. కాగితం లేని రోజుల్లో నాలుగు కాగితాలు.

ఉన్నదంతా రాశాను. నా పేరు కూడా.

1945 జనవరి 14, ఆదివారం

పదేళ్లుగా ప్రార్థన అంటే నాకు చక్కటి మాటలు పేర్చడం. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఒక్క మాట రాదు. "తండ్రీ" అని ఆగిపోతాను. ఆ ఒక్క మాట మాత్రం ఇంతకు ముందు నేను అన్న వాటికంటే నిజమైనదని అనిపిస్తోంది. అనిపిస్తోంది అంటున్నాను, అంతకంటే గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు.

జనవరి 28, ఆదివారం

ఇంకో వారం. అయ్యగారికి జబ్బు చేసి రాకపోతే బాగుండునని ఈ రోజు అనుకున్నాను. రాసుకోవాలి కనుక రాస్తున్నాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

అయ్యగారు వచ్చారు. ప్రసంగం తర్వాత నేను లేచి ముందుకు వెళ్లాను. ఏం చెప్పాలో రాసి పెట్టుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. దేవమ్మ మాటలే వచ్చాయి. పిల్ల దక్కదేమోనని భయపడ్డాను, భయంలో దేవుడు చాలడనుకున్నాను. తర్వాత నావి చెప్పాను. నేను చేసిన పనికే ఆమెను బయటికి పంపించానని, ఆమె లోపలికి వస్తానంటే నా తప్పు బయటపడుతుందని ఆపానని, మా పిల్ల ఆమె మాత్రలతో బతికిందని చెప్పాను.

వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. అయ్యగారు నన్ను బల్లకు దూరం పెట్టినట్టు చెప్పి, సంఘం ఒప్పుకుంటే దేవమ్మ పేరు మీది గీత తీసేస్తామన్నారు. సంఘం అంతా లేచి నిలబడింది. ఎర్ర సిరా చెరపడం కుదరదు గనుక కింద మళ్లీ రాయమన్నారు. నా చేత్తో కాదు, ఆయనే రాశారు.

నేను గడప దగ్గరికి వచ్చి కూర్చోబోయాను. పాపమ్మ చీపురు పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పంతులుగారూ, కాస్త జరగండి. అది దేవమ్మ కూచునే చోటు."

కోపంగా అనలేదు. ముందు వరసలో ఎవరి చోటు వాళ్లకు చెప్పినట్టే చెప్పింది. నేను జరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ నాపరాయి ఒక్కటే నున్నగా ఉంది. అక్కడి నుంచి చూస్తే బల్ల కనిపించదు, ముందు కూర్చున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి. మూడు నెలలు ఆమె చూసింది ఇదీ.

కాసేపటికి మేరీ కరుణమ్మ పక్క నుంచి లేచి నడుచుకుంటూ వచ్చింది. వచ్చి అవ్వ చోట్లో కూర్చుంది, నా పక్కనే. కరుణమ్మ పిలిచినా వెళ్లలేదు. దాని మణికట్టు నా కళ్ల ముందే ఉంది. దారం కోసిన చెయ్యి అదే.

అయ్యగారు బల్ల మీది గుడ్డ తీశారు. రొట్టె విరిచే చప్పుడు వినిపించింది. నేను కూర్చునే ఉండిపోయాను. మేరీ లేచి పరికిణీ దులుపుకుని నా వేలు పట్టుకుంది.

"లెండి పంతులుగారా. ఇప్పుడు మనం బయటికి పోవాల."

"ఎందుకమ్మా?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"మనం తప్పు చేశాం గదా. మా అవ్వ చెప్పింది. అయ్యగారు మళ్లీ పిలుస్తారంట, అందాకా బయట కూచుంటే ఏం కాదంట."

"అవునమ్మా" అన్నాను.

వేలు వదల్లేదు. గడప దాటేటప్పుడు, అవ్వకు చెప్పినట్టే, "చూసుకొని" అన్నది. ఇద్దరం వెళ్లి మందిరం ముందు ఎండలో కూర్చున్నాం.